గిన్నె కొలత

క్రిస్మస్‌కి పుదుచ్చేరి క్రియోల్ ఇళ్లలో చేసే కేకు వివికం. మైదాతో కాదు, బొంబాయి రవ్వతో చేస్తారు. వెన్న, గుడ్లు, జీడిపప్పు, రమ్ములో నానిన ఎండు పళ్లు దండిగా పడాలి. ముక్క చిన్నదైనా బరువెక్కువ (కడుపుకి కూడా). 1962లో ఈ ఊరు చట్టబద్ధంగా భారత్‌లో కలిశాక, ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న ఎన్నో కుటుంబాలు ఫ్రాన్స్‌కు తరలిపోయాయి. వాళ్ల వంట ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరిగొస్తోంది. నేను చూసిన వీడియోలో పళ్లు అరగంట నానితే చాలన్నారు. పక్కింటి పెద్దావిడను అడిగితే నవ్వేశారు. "నెల రోజులైనా నాననివ్వాలమ్మా." రవ్వ ఎంతంటే ఓ గిన్నె చూపించారు. ఆ గిన్నెడు రవ్వను తూచి రాసుకున్నాను. ప్యారిస్‌లో ఉన్న ఆవిడ కూతురు వీడియో చూసే చేసుకుంటోందట. ఆ కాగితం ఫొటో తీసి ముందు ఆమెకే పంపాను.