కాలాధుంగీలో తూటాల లెక్క

నైనిటాలు కొండ దిగి రామ్‌నగర్ వైపు వెళ్తూంటే కాలాధుంగీ అనే చిన్న ఊరు తగులుతుంది. జిమ్ కార్బెట్ చలికాలపు ఇల్లు అక్కడే. ఇప్పుడది మ్యూజియం. పులిని చూడాలని వచ్చే జనం జీపులెక్కే తొందరలో దీన్ని దాటిపోతారు గాని, ఆయన పుస్తకాలు చదివినవాళ్ళకి మాత్రం ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది.

వరండాలో నిలబడితే నాకు ఆయన తుపాకులే గుర్తొచ్చాయి. తెలుగు మేష్టారికి తూటాలతో ఏం పని అంటారా? ఏ మృగానికి ఏ తూటా అన్నది తప్పితే ఎంతమంది ప్రాణాలమీదికి వస్తుందో నాకు తెలిసింది ఆ పుస్తకాలవల్లే.

పిట్టలకి ఆవగింజలంత సీసపు గుండ్లు చాలు. జింకకీ పులికీ మెత్తని సీసపు ముక్కున్న తూటా కావాలి. అది ఒంట్లోకి దిగి పువ్వులా విచ్చుకుంటుంది. జంతువు త్వరగా పడుతుంది. ఏనుగుమీద అదే వాడితే పుర్రె ఎముకలోనే చిక్కుకుపోతుంది. దానికి నిండా గట్టి లోహపు తొడుగున్న తూటా ఉండాలి. ఆ గట్టి తూటా జింకకి తగిలితే సూదిలా ఇటునుంచి అటు దూసుకుపోవచ్చు. పాపం, జింక ఎంతో దూరం పరుగెత్తి ఏ పొదలోనో కన్నుమూస్తుంది. విచ్చుకునే తూటా మరీ క్రూరమని 1899లో హేగ్ సభవారు యుద్ధాల్లో నిషేధించారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో తయారైన తూటాలే ఆ గొడవకి మూలం. మనుషులమీద క్రూరమైనదే మృగాలమీద దయ అయిందన్నమాట!

కార్బెట్ పెద్ద రైఫిలు రెండు గొట్టాలది. దాని తూటా రెండు తులాల పైమాటే. చిన్నది 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమానంగా వచ్చిన రిగ్బీ రైఫిలు. తూటా తులమైనా తూగదు. 1926లో రుద్రప్రయాగ చిరుత పడింది ఈ తూటాకే. 1930లో చౌగఢ్ పులి ఎదురుపడినప్పుడు ఆయన ఎడమచేతిలో పిట్టగుడ్లున్నాయి. తేలిక రైఫిలు గనక కుడిచేత్తోనే మెల్లగా తిప్పి కాల్చాడు. పెద్దదే ఉంటే ఆ కథ చెప్పడానికి ఆయన మిగిలేవాడు కాడేమో! ఆ రిగ్బీ ఇప్పుడు లండనులో, దాన్ని తయారుచేసిన కంపెనీవారి దగ్గరే ఉంది.

చంపావత్ పులి 436 మందిని పొట్టనబెట్టుకుందంటారు. అది చచ్చాక నోరు తెరిచి చూస్తే కుడివైపు పైకోర సగానికి, కిందికోర ఎముకదాకా విరిగి ఉన్నాయి. ఎన్నడో తగిలిన తుపాకి దెబ్బ అది. దానివల్ల అడవి జంతువుల్ని పట్టలేక మనుషులమీద పడిందని కార్బెట్ రాశాడు. ఆ దెబ్బ కొట్టినవాడి పేరు మాత్రం ఆయన పుస్తకంలో లేదు.