తగిలిందని చెప్పినవాడే వీరుడు

కత్తియుద్ధం అంటే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది కాంతారావే. ‘కత్తి కాంతారావు’ అని ఊరికే అన్నారా! ఎదురుగా రాజనాల. ఠంగుఠంగుమని కత్తులు మోగుతుంటాయి. హీరో మెట్లమీదికి ఎగురుతాడు, బల్లమీంచి దూకుతాడు. ఎన్ని వేట్లు వేసినా ఒక్కటీ తగలదు. తగలకూడదు కూడా. తగిలితే సినిమా అయిపోతుంది మరి!

యూరప్‌లోని ఎన్నో ఊళ్లలో వారానికి ఒకటి రెండు సాయంత్రాలు ఇంకోరకం కత్తియుద్ధం జరుగుతుంటుంది. అక్కడ కత్తి తగులుతుంది. తగిలినవాడే ఆగి, చెయ్యెత్తి ‘తగిలింది’ అంటాడు. ఆ ఒక్క మాటమీదే అక్కడ సాధన అంతా నడుస్తుంది.

వీటిని చారిత్రక యూరోపియన్ యుద్ధకళల క్లబ్బులంటారు. ముద్దుగా ‘హేమా’ క్లబ్బులు. ఎవరో అమ్మాయి పేరనుకునేరు! ఆ పొడుగాటి ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరాలన్నీ కలిపితే అలా వచ్చింది. ఒలింపిక్స్‌లో చూసే ఫెన్సింగ్ వేరు, ఇది వేరు. 2021లో టోక్యోలో మనదేశం తరఫున తొలిసారి ఒలింపిక్స్ ఫెన్సింగ్ బరిలోకి దిగిన భవానీ దేవి ఆడింది సేబర్ విభాగంలో. అక్కడ కత్తికి, జాకెట్‌కి కరెంటు తీగలుంటాయి. దెబ్బ తగిలిందా... దీపం వెలుగుతుంది. ఈ క్లబ్బుల సాధనలో దీపమూ లేదు, తీగా లేదు. ఉన్నదల్లా మనిషి మాటే.

పగలు ఆఫీసు... రాత్రి కత్తి

జర్మనీలోని ఓ చిన్న పట్టణాన్నే తీసుకుందాం. సాయంత్రం ఏడు గంటలు. స్కూలు పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడి వెళ్లిన హాలు. ఆ చెమట వాసన పోకముందే భుజాన పొడుగాటి సంచులేసుకుని ఒక్కొక్కరే వస్తారు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంజినీరు, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు, ఓ ఎలక్ట్రీషియన్, చరిత్రలో పీజీ చేస్తున్న అమ్మాయి, రిటైరైన లెక్కల మాస్టారు. ఆడవాళ్లకో జట్టు, మగవాళ్లకో జట్టు అన్న మాటే లేదు. ఎవరికి ఎవరు దొరికితే వాళ్లే జత.

ముఖానికి ఉక్కు జాలీ ఉన్న మాస్కు, మెడకు గట్టి పట్టీ, ఒంటికి దళసరి జాకెట్, చేతులకు పీతడెక్కల్లాంటి లావాటి గ్లౌజులు. ఎన్ని తొడిగినా ముందుగా దెబ్బ తినేవి వేళ్లే. అందుకే కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లిచ్చే సలహా ఒకటుంది. ‘కత్తి తర్వాత కొనుక్కోవచ్చు. ముందు మంచి గ్లౌజులు కొనుక్కో!’

సాధన చేసే కత్తికి పదునుండదు. పొడిస్తే వంగుతుంది. దాని పేరు ‘ఫెడర్’. జర్మన్‌లో ఆ మాటకు ఈక అని అర్థం. పాతకాలపు కత్తులు పది కిలోలుంటాయని సినిమాలు చూసి నమ్మిన కుర్రాడు దాన్ని చేతిలోకి తీసుకోగానే నోరెళ్లబెడతాడు. రెండు చేతులతో పట్టుకునే పొడుగుకత్తి బరువు దాదాపు ఒకటిన్నర కిలో, అంతే! అయితే పావుగంట తిప్పేసరికి ఆ ఒకటిన్నర కిలోనే పది కిలోలవుతుంది. మర్నాడు టూత్‌బ్రష్ పట్టుకోవడానికి కూడా చెయ్యి లేవదు.

ఎద్దు, నాగలి, వెర్రివాడు

ముందు నేర్పేది నిలబడటం. కత్తిని తల పక్కన కొమ్ములా పట్టి, మొనను ఎదుటివాడి ముఖంవైపు చూపిస్తే అది ‘ఎద్దు’. నడుం దగ్గర పట్టి మొన పైకెత్తితే ‘నాగలి’. మొన నేలకు దించి, రారమ్మన్నట్టు నిలబడితే ‘వెర్రివాడు’. ఖాళీగా దొరికాడు కదా అని మీదికెళితే అసలు వెర్రివాడెవరో అప్పుడు తెలుస్తుంది!

పధ్నాలుగో శతాబ్దం నాటి యోహానెస్ లీష్టెనావర్ అనే జర్మన్ గురువు సంప్రదాయంలోని పేర్లివి. ఆయన తన విద్యనంతా పద్యాల్లో చెప్పాడు. కానివాళ్ల చేతిలో పడినా అర్థం కాకుండా వాటిని చిక్కుముళ్లు చేసిపెట్టారు. గురుముఖతః వింటేగానీ మంత్రం పనిచెయ్యదంటారే, అలాగన్నమాట. పదిహేనో శతాబ్దంలో ఆ సంప్రదాయం వాళ్లు వాటికి వ్యాఖ్యానాలు రాయబట్టి సరిపోయింది.

ఇటలీవాడు ఫియోరే దేయ్ లిబేరి 1410 ప్రాంతంలో బొమ్మలతో సహా రాసిపెట్టాడు. ఆ గ్రంథం ప్రతి ఒకటి ఇప్పుడు లాస్‌ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. అందులో ఓ బొమ్మలో మనిషి చుట్టూ నాలుగు జంతువులుంటాయి. వివేకానికి లింక్స్ అనే అడవిపిల్లి, వేగానికి పులి, ధైర్యానికి సింహం. మరి బలానికి, నిలకడకు? వీపున కోట మోస్తున్న ఏనుగు!

ఇంతకన్నా పాతది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఉంది. దాదాపు ఏడువందల ఏళ్ల కిందటిది. యూరప్‌లో ఇప్పటికి దొరికిన కత్తిసాము పుస్తకాల్లో ఇదే పాతదంటారు. అందులో నేర్పేది ఓ క్రైస్తవ పూజారి. చివరి పేజీల్లో ఆయన ఎదుట కత్తి, చిన్న డాలు పట్టుకుని నిలబడింది వాల్‌పుర్గిస్ అనే స్త్రీ. ‘ఇది ఆడవాళ్ల పనేనా?’ అని ఎవరైనా అంటే ఈ క్లబ్బుల్లో అమ్మాయిలు ఆ పేజీ తీసి చూపిస్తారు.

చీవాట్లు పెట్టే తాత లేడు

తుపాకులొచ్చాయి. కాలం మారింది. పొడుగుకత్తి మూలపడింది. నేర్పేవాళ్లు పోయారు, పుస్తకాలు మిగిలాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ హటన్, ఎగర్టన్ కాజిల్ అనే ఇద్దరు ఔత్సాహికులు ఆ పుస్తకాలు దులిపి, పాత విద్యను కొన్నాళ్లు ప్రదర్శించారు. వాళ్లతోనే అది మళ్లీ సద్దుమణిగింది. 1990ల్లో ఇంటర్నెట్ వచ్చి, మ్యూజియంలలోని పేజీల ఫొటోలు అందరి చేతుల్లోకీ చేరడం మొదలయ్యాకే క్లబ్బులు ఊపందుకున్నాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2006లో మొదలైన ‘స్వోర్డ్‌ఫిష్’ పోటీలు అలా పుట్టినవే.

మన పల్లెల్లో కర్రసాము నేర్చుకునే కుర్రాడికి తప్పు దిద్దడానికి ఓ పెద్దాయన ఉంటాడు. ‘మోచెయ్యి దించరా’ అంటాడు. వినకపోతే చీవాట్లు పెడతాడు. వీళ్లకు ఆ పెద్దాయన లేడు. పుస్తకం ఉంది. పుస్తకం చీవాట్లు పెట్టదు.

అందుకే సాధన మధ్యలో వాదనలు. ‘అడుగేసి కొట్టు’ అని ఉంటుంది. ఏ కాలు? ఎటువైపు? బొమ్మలో కనిపించేది ఒక్క క్షణం. దాని ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది? పీజీ అమ్మాయి ఒకటి చెబుతుంది, ఇంజినీరు కాదంటాడు. ‘సరే, చేసి చూద్దాం పదండి’ అంటారు మాస్టారు. మెల్లగా చేస్తే రెండూ బాగానే ఉంటాయి. వేగం పెంచేసరికి ఇంజినీరు పద్ధతిలో ప్రతిసారీ మాస్కుమీద దెబ్బ పడుతుంది. నెలరోజులుగా ఇష్టంగా మలచుకున్న ఆలోచన. అయినా ఆయన మాస్కు తీసి, ‘నేను చెప్పింది పుస్తకంలో లేదు, నా తలలో ఉంది’ అని నవ్వేస్తాడు. ఆ మాట అనలేనివాడు ఈ విద్యలో ముందుకెళ్లడం కష్టం. లేని గురువు పేరు చెప్పి సొంత కవిత్వం నేర్పడం ఎంత తేలికో వీళ్లందరికీ తెలుసు.

అసలు ఆ పుస్తకాలు మిగలడానికి కొందరు చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. యోఆకిమ్ మేయర్ అని స్ట్రాస్‌బర్గ్‌లో కత్తులు తయారుచేసే పనివాడు, సాము నేర్పే గురువు. అప్పు చేసి 1570లో బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చేశాడు. అప్పు తీర్చే దారిగా దూరాన ష్వెరిన్ ప్రభువు కొలువులో ఉద్యోగం దొరికింది. చలికాలంలో బయల్దేరి చేరుకున్నాడు. 1571 ఫిబ్రవరిలోనే చనిపోయాడు. అప్పు కుటుంబం నెత్తినపడింది. తన పుస్తకం పట్టుకుని నాలుగున్నర శతాబ్దాల తర్వాత ఎలక్ట్రీషియన్లూ నర్సులూ అడుగులు లెక్కపెడతారని ఆయన కలలోనైనా అనుకుని ఉంటాడా?

ఇద్దరికీ తగిలితే...

చివరి అరగంట పోరు. అప్పటిదాకా నేర్చుకున్నదంతా చాలామంది అప్పుడే మర్చిపోతారు! గెలవాలన్న తొందరలో ఇద్దరూ ఒకేసారి కొడతారు, ఇద్దరికీ తగులుతుంది. ఆటల్లో అయితే చెరో పాయింటు. ఇక్కడ ఇద్దరూ ఓడినట్టే. నిజం కత్తులైతే ఇద్దరి ఇళ్లలోనూ ఏడుపే కదా! ఎదుటివాణ్ని కొట్టడం రెండో సంగతి, ముందు తాను క్షేమంగా బయటపడాలి. కొత్తవాళ్లకు ఇది తలకెక్కడానికి నెలలు పడుతుంది.

జాకెట్ దళసరి. చిన్న దెబ్బ తగిలితే తగిలినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. చెప్పకుండా ఊరుకుంటే గెలుపే. అలా ఊరుకునేవాడు అప్పుడప్పుడూ ఒకడొస్తాడు. బలమంతా చూపించి బాదేవాడూ వస్తాడు. వాళ్లతో ఎవరూ పోట్లాడరు. కాకపోతే రెండు మూడు వారాలకి వాళ్లకు జత దొరకదు. నర్సు రేపు పొద్దున ఆ వేళ్లతోనే ఇంజక్షన్ చెయ్యాలి మరి. తన వేళ్లను ఎవరి చేతిలో పెట్టాలో ఆమె చూసుకోదూ!

పదింటికి హాలు ఖాళీ చెయ్యాలి. కత్తులకు నూనె రాసి, తడిసిన జాకెట్లు సంచుల్లో కుక్కుకుని బయటపడతారు. ఆఫీసులో, ఇంట్లో ఎవరి మాటైనా ఎక్కడో గుచ్చుకుంటే ‘అబ్బే, ఏం లేదు’ అని దులిపేసుకునే మనుషులే వీళ్లు కూడా. అలాంటివాళ్లు వారం వారం ఇక్కడికొచ్చి, ఎవరూ అడక్కుండానే చెయ్యెత్తి ‘తగిలింది’ అంటారు. అన్నాక మళ్లీ కత్తి ఎత్తుతారు.