పల్లానికి పారే బండి

చాదర్‌ఘాట్ వంతెన మీద బండి ఆపి కిందికి చూశాను. తెల్లవారుజామున ఐదు గంటలు. వీధిదీపాల వెలుగులో మూసీ నల్లగా, నురగ కక్కుతూ పోతోంది. ముందురోజు రాత్రి బేరం కుదిరిన బండి ఇది. నూటయాభై సీసీ, 2019 రిజిస్ట్రేషన్, ఒకే చెయ్యి వాడిందని అమ్మినాయన మాట. దీన్ని బందరు చేర్చాలి. దాదాపు 340 కిలోమీటర్లు.

"రైల్లో వేసేయండి సార్, హాయిగా బస్సులో పోండి" అన్నాడాయన. వేయొచ్చు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీయించి, అద్దాలు విప్పి, గోనెపట్టా చుట్టించి, ఆర్సీ జిరాక్సు పార్సిల్ ఆఫీసులో ఇస్తే అదే వస్తుంది. కానీ సెకండ్‌హ్యాండ్ బండి గుణం గోనెపట్టాలో తెలియదు. ఒక రోజంతా మనం తోలితేనే దాని రోగాలన్నీ వరసగా బయటికొస్తాయి.

ఇంకో ఆశ కూడా ఉంది. మొన్నమొన్నటిదాకా 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అంటున్న ఈ దారి విజయవాడ దాటి బందరు దాకా వెళుతుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ సరుకు ఈ దిక్కుగానే మచిలీపట్నం రేవుకి, అంటే ఈ బందరుకే దిగేది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆ దారి గురించి రాసిపెట్టాడు. హైదరాబాదు ఉండేది సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల పైన, బందరు సముద్రం ఒడ్డున. అంటే ఇంటిదాకా పల్లమే. బండికి ఆ సంగతి పెద్దగా తెలియదు గానీ, నీళ్లకు తెలుసు.

ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటేసరికి తెల్లారింది. పంతంగి టోల్‌గేటు దగ్గర ఎడమవైపు సందులోంచి దూరిపోయాను. రెండు చక్రాల బండికి టోల్ లేదు. సంక్రాంతి ముందు ఇక్కడ కార్లు బారులు తీరినప్పుడు ఈ సందు విలువ తెలుస్తుంది. అరవై దాటకుండా నడుపుతున్నాను. బ్రేకులు బాగున్నాయి. క్లచ్ కాస్త బిగువు. చిట్యాల దాటాక వెనకనుంచి ఒక చప్పుడు మొదలైంది. యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా టక్, టక్ మంటోంది.

నకిరేకల్ దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్డు. కుర్రాడికి ఇరవై ఉంటాయేమో. బండిని సెంటర్ స్టాండు వేసి, చైను మధ్యలో వేలు పెట్టి పైకెత్తాడు.

"ఎక్కడిదాంక పోతున్రు సార్?"

"బందరు."

"గీ చైన్‌తోనా? సూడుండ్రి, ఎంత లూజుందో."

చూశాను. అంగుళం ఆడాల్సిన చైను రెండంగుళాలకి పైగా ఆడుతోంది. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్లను ఒక్కో చుట్టు తిప్పుతూ, గీతలు రెండు పక్కలా సమానంగా వచ్చాయా లేదా అని మోకాళ్ల మీద కూర్చుని చూసుకున్నాడు. ఒక పక్క ఎక్కువైతే చక్రం వంకరగా నడిచి, చైనూ పళ్లూ రెండూ అరిగిపోతాయి. చక్రం చేత్తో తిప్పాడు, మళ్లీ వేలు పెట్టి చూశాడు, ఒక చోట బిగువుగా, ఒక చోట వదులుగా ఉంది. "చైన్ సాగింది సార్. ఇంటికి పోయినంక సెట్టు మార్పిచ్చుండ్రి. గిప్పటికైతే నడుస్తది." ఆయిల్ వేశాడు. యాభై రూపాయలు అడిగాడు. వందిచ్చి చిల్లర తీసుకోలేదు. నిన్న సాయంత్రం బేరమాడుతూ నేను అరగంటసేపు మెచ్చుకున్నది ట్యాంకు మీది రంగుని.

కేతేపల్లి దగ్గర మళ్లీ మూసీ. పొద్దున చాదర్‌ఘాట్‌లో చూసిన నది ఇదేనంటే చూపు నమ్మదు. సోలిపేట ప్రాజెక్టులో కాసేపు ఆగి, ఇక్కడ పొలాలు తడిపి, కిందికి వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నేనూ కృష్ణ దగ్గరికే. దాని దారి వేరు, నా దారి వేరు.

సూర్యాపేట గురించి రాయడానికేం లేదు, బైపాస్ మీద పోయాను.

మునగాల, కోదాడ వచ్చేసరికి రెండు వైపులా పచ్చదనం చిక్కబడింది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఇది. కోదాడలో టీ తాగుతూ ఊరికే వెనక టైరు వైపు చూశాను. "పోయినేడే వేయించాను సార్, కొత్త టైరు" అని చెప్పి మరీ అమ్మాడు. టైరు పక్కగోడ మీద చిన్న గుడ్డులాంటి గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా టైరు మీద 1418. 2018లో పద్నాలుగో వారం! బండి కంటే టైరుకే వయసెక్కువ. నల్ల పాలిష్ కొడితే ఏ టైరైనా పోయినేటిదే.

రామాపురం అడ్డరోడ్డు దాటితే పాలేరు. వంతెనకి ఇవతల తెలంగాణ, అవతల ఆంధ్ర. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకి గరికపాడు దగ్గర ఈ రోడ్డే తెగింది. అంతకు ముందు ఏడాది జులైలో నందిగామ దగ్గర ఐతవరంలో మునేరు రోడ్డెక్కి హైదరాబాదు బస్సుల్ని ఆపేసింది. ఈ దారికి అడ్డంపడే ఏర్లన్నీ కృష్ణ బిడ్డలే, కోపం వస్తే తల్లి దగ్గరికి వెళ్లే తొందరలో రోడ్డుని లెక్కచేయవు. చెక్‌పోస్టులో నన్నెవరూ ఆపలేదు. బ్యాగులో సంతకాలు చేసిన 29, 30 ఫారాలు, ఎన్వోసీకి పెట్టిన దరఖాస్తు రసీదు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం పొందిగ్గా సర్దుకుని వచ్చిన నాకు కాస్త నిరాశగానే అనిపించింది.

కంచికచర్ల దాటాక పరిటాల. 135 అడుగుల ఆంజనేయుడు దూరం నుంచే కనిపిస్తాడు. అందరూ ఆయనకి దండం పెట్టి పోతారు గానీ, ఈ ఊరి నేలలో ఒకప్పుడు వజ్రాలు తవ్వారన్నది ఎందరికి గుర్తు? నేనూ ఆగి పెట్టాను దండం, చైను కోసం.

గొల్లపూడి, భవానీపురం, ఆపైన కనకదుర్గ ఫ్లైఓవర్. కుడివైపు కృష్ణ నిండుగా, ప్రకాశం బ్యారేజీ ఆపిన చోట కదలకుండా ఉంది. పొద్దుటి మూసీ నీళ్లు కూడా ఎప్పటికో ఇందులోకే రావాలి. ఇక్కడినుంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలుగా నీళ్లు పాయలవుతాయి. నేను బందరు కాలువ పట్టుకున్నాను.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. దారి చదునైపోయింది, బండి గొంతు కూడా నిదానించింది. చైను చప్పుడు లేదు. గేరు ఎప్పుడు మార్చాలో కాలు అడగకుండానే తెలుసుకుంటోంది. సాయంత్రం నాలుగున్నరకి మా వీధిలో దిగితే ఎదురింటి మాస్టారు అరుగు మీంచే కేకేశారు.

"ఏవయ్యా, ఎంతకి పడిందేంటి?"

చెప్పాను.

"టైర్లు కొత్తవేనా?"

దానికి మాత్రం జవాబు చెప్పలేదు.

వెనక ప్లేటు మీద ఇంకా టీఎస్ అనే ఉంది. ఎన్వోసీ రాగానే ఇక్కడి రవాణా ఆఫీసులో లైఫ్ ట్యాక్సు కట్టి ఏపీ నంబరు తీసుకోవాలి. చట్టం ఇచ్చిన గడువు పన్నెండు నెలలు. చైను, పళ్లచక్రాలు, వెనక టైరు రేపే మార్పిస్తున్నాను.