నీటి నడుమ మెట్ట

సాలూరు ఒకచోట కూర్చునే ఊరు కాదు. లారీల ఊర్లంటే విజయవాడ తర్వాత జనం నోట వినిపించే పేరు మాదే. ఒకప్పుడు 43, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి రామభద్రపురం మీదుగా వచ్చి, మా ఊరు దాటి కొంతదూరం పోయాక సుంకి ఘాటీ ఎక్కుతుంది. పొట్టంగి, కోరాపుట్, జయపురం దాటితే జగ్‌దల్‌పూర్, రాయ్‌పూర్‌లకు అదే దారి. ఊళ్లో బాడీలు కట్టే షెడ్లు, కమాను కట్టలు సరిచేసేవారు, టైర్లవారు, రంగులు వేసేవారు. ఈ పనులన్నింటిలోనూ మన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. మాదీ అటువంటి ఇల్లే. ఇటువంటి ఇళ్లలో పిల్లలు తమ తండ్రి నెలలో ఎన్ని రాత్రులు ఇంట పడుకున్నాడో వేళ్లమీద లెక్కపెట్టి చెబుతారు.

అందుకే ఏటా మే నెలలో బండిని ఎఫ్‌సీ పనులకు షెడ్డులో పెట్టిన రోజులు మాకు విలువైనవి. బండి కదలదు గనుక మనిషీ కదలనక్కరలేదు. ఆ వారం మేము ఊటీకి, అరకుకు పోము. సాలూరు నుంచి గంట కూడా పట్టని దూరంలో, వెంగళరాయసాగరం ఎగువన, నీటి మధ్యనున్న ఒక చిన్న మెట్ట మీది పాకలో ఉండి వస్తాము.

వెంగళరాయసాగరం పెద్ద ప్రాజెక్టు కాదు. లక్ష్మీపురం దగ్గర సువర్ణముఖి, గోముఖి నదుల నీటిని ఆపి కట్టినది. సాలూరు, మక్కువ, బొబ్బిలి, సీతానగరం వైపు దాదాపు పాతికవేల ఎకరాలకు నీరందించేందుకు ఉద్దేశించినది. దిగువకు పోయిన సువర్ణముఖి నాగావళిలో కలుస్తుంది. బొబ్బిలి యుద్ధగాథలో వినిపించే వెంగళరాయుడి పేరే ఈ జలాశయం పేరులోనూ ఉంది. ప్రసంగవశాత్తూ ఒక మాట. బొబ్బిలి అన్న పేరు వెనుక ఒక ముస్లిం సర్దారు ఉన్నాడని ఇక్కడి చరిత్ర చెబుతుంది. శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని 'షేర్'కు గుర్తుగా, ఆ సంస్థాన మూలపురుషుడు తన కోటకు పెద్దపులి పేరు పెట్టాడనీ, ఆ 'బెబ్బులి'యే బొబ్బిలి అయిందనీ అంటారు. శ్రీకాకుళంలోని జుమ్మా మసీదును 1641లో కట్టించినది ఆ ఖానే. మా పిల్లలకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా చాలదు. దారిలో బొబ్బిలి వైపు చూపే బోర్డు కనబడగానే ఒకడు పులిలా గాండ్రిస్తాడు.

ఇక మా మెట్ట సంగతి. వర్షాలు బాగా పడిన ఏడాది శీతకాలంలో అది నిజంగానే ద్వీపం. నాలుగువైపులా నీరు, మధ్యలో ఎకరం పైచిలుకు నేల, పదిహేను జీడిచెట్లు, రెండు పనసలు, ఒక చింత. వేసవికి నీరు వెనక్కు తగ్గి, ఒడ్డుకూ మెట్టకూ మధ్య సన్నని పాయ మిగులుతుంది. దాన్ని తాటిదోనెలో దాటాలి. తాటిమానును నిలువుగా చీల్చి, లోపల దొలిచి చేసే ఆ దోనెలో ఇద్దరికి మించి కూర్చోకూడదు, కూర్చున్నవారు కదలకూడదు. లారీ క్యాబిన్‌లో రాత్రంతా ఊగుతూ పోయే మనిషి ఆ దోనెలో రాయిలా బిగుసుకుపోవటం చూసి పిల్లలు నవ్వుకుంటారు. వానలు తక్కువైన ఏడాది ఆ పాయ కూడా ఉండదు. నెర్రెలిచ్చిన మట్టి మీద నడిచే పోవచ్చు. అటువంటి ఏడాది మెట్ట అందం సగమే. దిగువన నారు పోయవలసిన రైతుల ముఖాలు తలపుకు వస్తే ఆ సగమూ మిగలదు.

పాక ఒక కొండదొర రైతుది. మా తండ్రిగారి కాలంలో చింతపండు, కొండచీపుళ్ల లోడులతో మొదలైన పరిచయం, ఆయన పోయిన తర్వాత కూడా తెగలేదు. మా అమ్మగారిని ఆయన 'అప్పా' అని పిలుస్తాడు. ఉత్తరాంధ్రలో అక్కను అలాగే పిలుస్తారు. ఒడ్డున దోనెతో నిలబడి, "ఏటప్పా, ఈయేడు ఆలీసమైపోనాది" అన్నదే ఏటా ఆయన మొదటి పలకరింపు. ఆలస్యం కాకపోయినా అదే మాట.

పాక గోడలు వెదురు తడికెలు, వాటి మీద ఎర్రమట్టి పూత. పైన గడ్డి కప్పు. కరెంటు లేదు. లోపల ఒకే గది, దాని ముందు నడుమెత్తు అరుగు. రాత్రి ఆడవారు, చిన్నపిల్లలు లోపల, మగవారు అరుగు మీద. మొదటి రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. దారిన పోయే బండ్ల హారన్ల నడుమ నిద్రించే అలవాటున్న చెవులకు ఆ నిశ్శబ్దమే పెద్ద చప్పుడు. కొన్నేళ్లుగా ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు మన్యం జిల్లా ఊళ్లలో తిరుగుతున్నందున, బయలుదేరే ముందు అవి ఏ దిక్కున ఉన్నాయో కనుక్కోవటం కొత్తగా చేరిన పని.

తిండి విషయంలో ఇరువైపులా ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కోడి అయితే మేము జిబహ్ చేసుకుంటామని వారికి తెలుసు. వారు ఆ ఊసే ఎత్తరు. చేపకు ఆ నియమం లేదు కనుక, పొద్దున్నే వలలో పడిన రాగండి, బొచ్చె ముక్కలు వారి పొయ్యి మీద నుంచే మా పళ్లేలలోకి వస్తాయి. అడ్డాకుల విస్తళ్లు, చోడి అంబలి, నిప్పుల మీద కాల్చిన పనసపిక్కలు. ఇంటి దగ్గర అంబలి పేరెత్తితే ముఖం తిప్పుకునే పిల్లలు ఇక్కడ రెండో చెంబు అడుగుతారు. ఎందుకో మాకు నేటికీ బోధపడలేదు. చెంబుదే మహిమ కాబోలు.

మొదటి ఏడాది పిల్లలు, "ఇప్పుడు మనం ముసాఫిర్లమా, నమాజు సగమా?" అని ఆశగా అడిగారు. ఇంత దగ్గరికి ఖస్ర్ లేదు, నాలుగు రకాత్‌లూ నాలుగే అని దాదీమా తీర్పు చెప్పారు. ఆ మెట్ట మీద నమాజు వేళలు తెలుసుకోవటమే ఒక పాఠం. పడమటి దిక్కున తూర్పు కనుమలు గోడలా లేచి ఉంటాయి. సూర్యుడు వాటి వెనక్కు పోయినంత మాత్రాన మగ్రిబ్ వేళ అయినట్టు కాదు. మే చివరి రోజుల్లో ఇక్కడ అసలు సూర్యాస్తమయం సాయంత్రం ఆరుంబావు దాటాకే. కొండ చాటున మాయమైన సూర్యుణ్ణి చూసి తొందరపడకుండా, మసీదు నుంచి తెచ్చుకున్న వేళల పట్టిక ప్రకారమే నిలబడాలి. ఆ కొద్ది నిమిషాల నిరీక్షణలో నీరు మొదట బంగారు రంగుకు, తర్వాత బూడిద రంగుకు మారుతుంది. ఎవరూ మాట్లాడరు.

ఖిబ్లా పాఠం మరొకటి. ఏటా మే 27, 28 తేదీల్లో సూర్యుడు మక్కాలోని కాబాకు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు. ఆ క్షణాన నేల మీద నిటారుగా పాతిన కర్ర నీడ ఖిబ్లాకు నేరుగా ఎదురు దిక్కున పడుతుంది. నీడ కొస నుంచి కర్ర మొదలు వైపు గీత గీస్తే అదే ఖిబ్లా. మేము తూకపు గుండుతో కర్రను నిటారుగా నిలిపి, ఆ గీత మీద గులకరాళ్లు పేర్చాము. మాకు ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా వస్తుంది. ఇంటి పెద్దాయన కూడా వచ్చి, కర్ర నీడను పరీక్షగా చూసి, ఆ రాళ్లను తన మేకలు కదపకుండా చుట్టూ ముళ్లకంప వేశాడు. తర్వాతి ఏడు వెళ్లేసరికి కంప మారింది, రాళ్లు అక్కడే ఉన్నాయి.

నీటితో జాగ్రత్త గురించి తల్లిదండ్రులకు ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. నీరు దిగిన జలాశయపు అంచు నున్నగా, గట్టిగా కనబడుతుంది. కాలు వేస్తే మోకాలి దాకా బురద. పక్కనే మట్టి తీసిన పాత గోతులు నీటి కింద కనబడవు. ఈత వచ్చిన పెద్దవారే అక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటారు. మా పిల్లలకు వెదురు గుంజలు పాతిన చోటు దాకే అనుమతి. వుజూ కూడా చెంబుతో తెచ్చిన నీటితో ఒడ్డునే.

ఇక అసలు సంగతి. దైవప్రవక్త (స) నేర్పిన ప్రకారం ఆతిథ్యం మూడు రోజులు, ఆపైన పెట్టేది దానం. మేము ఉండేది ఆరు రాత్రులు. దానం పుచ్చుకునే స్థితిలో అల్లాహ్ మమ్మల్ని ఉంచలేదు కనుక, నాలుగో రోజు నుంచి లెక్క వేరని మా అమ్మగారు మొదటి ఏడే పెట్టిన నియమం. డబ్బు ఆయన పుచ్చుకోడు. అందుచేత ఒక బస్తా బియ్యం, ఆయన జీడిపిక్కలను సాలూరు చేర్చేందుకు కిరాయి లేని బండి. ముప్పై ఏళ్లుగా ఈ ఒప్పందం కాగితం లేకుండా నడిచింది.

ఈ ఏడు ఆయన కొడుకు ఒక మాట అన్నాడు. గడ్డి కప్పు తీసేసి రేకులు వేస్తాడట. పక్కన సిమెంటు గదులు రెండు, వాటికి మరుగుదొడ్లు, సౌర దీపాలు. విశాఖ, విజయనగరం నుంచి వచ్చేవారికి రాత్రికి ఇంతని అద్దెకు ఇస్తాడట. అరుగు మీద ఒక్కసారిగా మా మాటలు ఆగిపోయాయి. మాలో ఒకరు, ఈ పాక అందమే పోతుందన్నారు. మరొకరు ఇంకాస్త ముందుకు పోయి, ఎవరెవరో రావటం ఎందుకు, ఈ మెట్టను మనమే తీసుకుంటే సరిపోదా అన్నారు.

తీసుకోవటం కుదరదు. ఆ కొండవైపు భూములు షెడ్యూల్డ్ ప్రాంతంలోవి. 1959 నాటి నిబంధనను 1970లో సవరించి గట్టిపరిచారు. జనం '1/70' అని పిలిచేది దాన్నే. దాని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనరాదు, కౌలుకూ పుచ్చుకోరాదు. ఇతరుల పేరు మీద రాయించుకునే దొడ్డిదారులు ఉన్నాయని మన్యంలో అందరికీ తెలుసు. ఈ మెట్ట కోసం కూడా అటువంటి బేరం పెట్టినవారు వచ్చిపోయారట. పెద్దాయన వారికి అంబలి పోసి పంపించాడట. చట్టం సంగతి అటుంచినా, ముప్పై ఏళ్లు మనల్ని అతిథులుగా చూసిన మనిషి నేల మీద కన్ను వేయటం ఏ మర్యాద?

ఫిన్లండ్ అనే చలిదేశంలో సరస్సుల ఒడ్డున, ద్వీపాల మీద ఐదు లక్షలకు పైగా వేసవి కుటీరాలు ఉన్నాయి. కరెంటు లేని కొయ్య గదిలో కొన్ని వారాలు గడపటం అక్కడి కుటుంబాల్లో వాడుక. నీళ్లు మోసి, కట్టెలు కొట్టి బతకటాన్ని వారు సెలవుగా భావిస్తారు. కాని సెలవు ముగిశాక వారికి వెచ్చని ఇల్లు ఉంది. మాకూ సాలూరులో ఫ్యాను, ఫ్రిజ్జు ఉన్నాయి. గడ్డి కప్పు మాకు ఆరు రాత్రుల అందం. ఆ కొడుకు భార్యకు అది ప్రతి వర్షాకాలం కారే చూరు, రెండేళ్లకోసారి కోయవలసిన గడ్డి, తేళ్లు. మరుగుదొడ్డి లేని చోట ఆడవారి ఇక్కట్లు మా ఇంటి ఆడవారే ఏటా అనుభవిస్తున్నారు, పైకి అనరు. మా కళ్లకు ఇంపుగా ఉండటం కోసం వారు అలాగే ఉండిపోవాలనటం న్యాయం కాదు. ఈ మాట మాలో మొదట అన్నది మా ఇంటి కోడలు.

మా అమ్మగారు అంతా విని కొడుకును దగ్గరకు పిలిచారు. "రాత్రికెంత అనుకున్నావు బాబూ?" అన్నారు.

అతను సిగ్గుపడ్డాడు. "మీకాడేటి అత్తా..." అని నసిగాడు.

"మాకాడే మొదలెట్టు. సొంతవాళ్ల దగ్గర అడగలేనోడు పరాయివాళ్ల దగ్గరేం అడుగుతావు?"

అతను ఐదు వందలన్నాడు. పెద్దాయన చుట్ట పక్కన పెట్టి, మొదటి మూడు రాత్రులకు లెక్క లేదని గట్టిగా అన్నాడు. మీరే చెప్పినారు కదా అప్పా, అది మీ ప్రవక్తగారి మాటని, అన్నాడు. దానికి మా అమ్మగారి దగ్గర జవాబు లేకపోయింది. కొంగుముడి విప్పి, మిగిలిన మూడు రాత్రులకు పదిహేను వందలు బయానాగా అతని చేతిలో పెట్టారు. ఆడవారి మరుగుదొడ్డి ముందు కట్టాలి, గది తర్వాత అని షరతు పెట్టారు.

అతను లోపలికి పోయి కూతురి బడి నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చాడు. కొత్త పుట తిప్పి మా ఇంటిపేరు రాసుకుని, తలెత్తి అడిగాడు.

"ఎందరొస్తారత్తా, ఎనమండుగురేనా?"