మధురలో మేము చూచిన వస్త్రము

గడచిన వేసవిసెలవులలో మేము అత్తమామలతోను బిడ్డలతోను తమిళదేశమందలి మధురకు బోయితిమి. మీనాక్షీదేవి దర్శనము మొదటి పని. రానున్న మా మరిది వివాహమునకై అత్తగారికొక పట్టుచీర కొనుట రెండవ పని. ఆమె యడుగలేదు, మేమే సంకల్పించితిమి.

దానికి గారణము కలదు. మా యాడుబిడ్డ పెండ్లిలో అత్తగారు తమకలవాటైన నూలుచీరతోనే యెదురుకోలునకు రాబోగా, వియ్యాలవారు నవ్వుదురేమో యని మేము మా జరీచీరను బలవంతముగా గట్టించితిమి. ఆమె మారు పలుకలేదు. కాని నలుగురిలో గలగల మాటలాడు నామె యా దినమంతయు నొక మూల గూర్చుండెను. ఈసారి ముందే మంచి చీర కొన్నచో నా చిక్కుండదని తలచితిమి.

దేవళమునకు బడమటగా పడమటి మాసి వీథి కలదు. అందొక మేడ. 1921 సెప్టెంబరు 22వ తేదీన గాంధీగారు చొక్కాయిని, టోపీని విడిచి, మనవారు కొల్లాయి యని పిలుచు చిన్నగుడ్డతో మొదటిసారి జనులలోనికి వచ్చినది యీ యింటినుండియే. ఖద్దరు కొన శక్తిలేని పేదలనడుమ తాము నిండుదుస్తులతో నుండుట వారికి సహింపలేదు. ఇప్పుడు క్రింద ఖాదీ యంగడి యున్నది.

ఆ మెట్లపై నిలిచినంతనే 1982లో వెలువడిన ‘గాంధీ’ చిత్రము జ్ఞప్తికి వచ్చినది. రిచర్డ్ అటెన్‌బరో దర్శకుడు. బెన్ కింగ్‌స్లీ గాంధీగారి పాత్రధారి. దుస్తులు సమకూర్చినవారు కొల్హాపురమున జన్మించిన భాను అథయ్య, ఆంగ్లేయుడగు జాన్ మోలో. అందుకు 1983లో వారికి ఆస్కారు బహుమానము లభించెను. భారతీయులలో దానిని మొట్టమొదట పొందినది భాను అథయ్యయే.

ఆ చిత్రములో దుస్తులే సగము కథ చెప్పును. 1893లో దక్షిణాఫ్రికా రైలులో గూర్చున్న యువకునికి బిగుతైన కాలరు, కోటు. చట్టము తన్ను గాపాడునను నమ్మకమంతయు నా కోటులోనే కానవచ్చును. పెట్టెనుండి త్రోయబడినప్పుడు మనకు గుండె కలుక్కుమనుట యందుచేతనే. తరువాత స్వదేశపు తలపాగా. పిదప నొక నదీతీరమున చినిగిన బట్టతోనున్న స్త్రీని జూచి, తన తెల్లని వస్త్రమును నీటిపై నామెవైపునకు విడిచిపెట్టును. అచ్చట నుపన్యాసము లేదు. వస్త్రము తగ్గినకొలది మనిషి మనకు దగ్గరయగును. దుస్తులు కూర్చువారి నేర్పు అలంకరించుటలో గాక, ఈ మనిషి దీనినిగాక వేఱొకటి కట్టడని మనచే ననిపించుటలో నున్నది.

మరునాడు తముక్కం మహలునకు బోయితిమి. తెలుగు నాయకరాజుల కోడలు రాణి మంగమ్మగారి యా భవనములో 1959నుండి గాంధీ స్మారక ప్రదర్శనశాల యున్నది. అందు 1948 జనవరి 30న గాంధీగారి దేహముపైనుండిన రక్తపుమరకల వస్త్రమును భద్రపఱచిరి. చిత్రములోని మరకలు చేసినవి. ఇవి చేసినవి కావు. అత్తగారు చేతులు జోడించి చాలసేపు నిలిచిరి. ఆమె కట్టుకొన్నది నాటి నూలుచీరవంటిదే. దానిలో నామె నిండుగా గానవచ్చిరి. పెండ్లినాడు మేమామె చీరను మాత్రమే మార్చితిమనుకొంటిమి గదా!

సాయంకాలము మరల నా మేడ క్రింది యంగడికి బోయితిమి.

“అత్తయ్యా, పెండ్లికి మీకేది కావలయును?” అని యడిగితిమి.

ఆమె యెఱ్ఱంచు నూలుచీర నొకదానిని వ్రేళ్లతో దడవి, “అమ్మాయీ, ఇదైతే పెండ్లికి నేనే వచ్చినట్లుండును” అనిరి.

మేమేమనగలము? ఆ చీరనే మడతపెట్టించి తెచ్చుకొంటిమి.