బురద మీద తేలే రైలుదారి!

కొండల నడుమ వంపు తిరిగిన ఎత్తైన వంతెన... దానిమీద పొగలు కక్కుతూ సాగిపోయే రైలు... హ్యారీపోటర్ సినిమాలు చూసిన పిల్లలకు ఈ దృశ్యం ఇట్టే గుర్తొస్తుంది. అది సెట్టింగు కాదు, స్కాట్లాండ్‌లోని గ్లెన్‌ఫినన్ వంతెన. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం మీదుగా సముద్రతీరాన ఉన్న మల్లేగ్ రేవుదాకా వెళ్లే వెస్ట్ హైలాండ్ రైలుమార్గంలో ఉందది. ఆ దారి వేసిన కథ కూడా సినిమాకేమీ తీసిపోదు!

గ్లాస్గో దాటాక సరస్సులూ కొండలూ చూస్తూ వెళ్తుంటే, కాసేపటికి కనుచూపుమేరా ఊరూ చెట్టూ లేని బురదనేల ఎదురవుతుంది. అదే రానక్ మూర్. 1889 జనవరిలో దారి చూసొద్దామని ఏడుగురు కాలినడకన ఇందులోకి దిగారు. చీకటి పడింది. వాన, చలిగాలి. ఒకాయన సొమ్మసిల్లి పడిపోయాడు. గొర్రెల కాపరులు ఆదుకోబట్టి సరిపోయింది, లేదంటే ఆ కథ అక్కడితోనే ముగిసేది.

అయినా వెనక్కి తగ్గలేదు. కొమ్మలూ రెమ్మలూ కట్టలుగా పరిచి, వాటిమీద వేల టన్నుల మట్టి, బూడిద పోశారు. అంటే పట్టాలు ఒకరకంగా బురదమీద తేలుతున్నట్టే! పోసినదాన్నల్లా నేల మింగేస్తుంటే ఖజానా అడుగంటింది. అప్పుడు రెంటన్ అనే డైరెక్టరు సొంత ఆస్తిలోంచి డబ్బు ఇచ్చి పని ఆగకుండా చూశాడు. 1894లో రైలు ఫోర్ట్ విలియం చేరింది. కూలీలు ఆయన్ని మరిచిపోలేదు. ఓ బండరాయి మీద ఆయన ముఖం చెక్కి రానక్ స్టేషన్లో నిలబెట్టారు.

అక్కడినుంచి మల్లేగ్‌కు దారి పడింది చేపల కోసం. పడమటి తీరంలో పట్టిన చేపలు పాడవకముందే నగరాలకు చేరాలి కదా! లాభం రాదని తెలిసే, ప్రభుత్వం 1896లో చట్టం చేసి మరీ ఆర్థిక హామీ ఇచ్చింది. పని చేపట్టిన గుత్తేదారు రాబర్ట్ మెకాల్పైన్. ఆనాడు బురదలో చిక్కుకున్న ఏడుగురిలో ఆయనా ఒకడు! అక్కడి రాయి చెక్కడానికి లొంగకపోవడంతో కాంక్రీటును నమ్ముకున్నాడు. 21 కమానుల గ్లెన్‌ఫినన్ వంతెన అలా లేచిందే. 1901లో రైలు మల్లేగ్‌ను తాకింది. ఆయనకు ‘కాంక్రీట్ బాబ్’ అన్న పేరు స్థిరపడిపోయింది.

ఈ దారిలోని కొరౌర్ స్టేషన్‌కు నేటికీ ప్రజలు వెళ్లే రోడ్డు లేదు. రైలెక్కాలి, లేదా నడవాలి!

ఎప్పుడైనా అటు వెళ్తే వంతెన దగ్గర ఫొటోలు ఎలాగూ తీసుకుంటారు. రానక్‌లో రైలు ఆగినప్పుడు కూడా ఓసారి ప్లాట్‌ఫాం వైపు చూడండి. కూలీలు చెక్కిన ఆ రాతిముఖం కనిపిస్తుందేమో!