వెయ్యీ ఒకటి... వెయ్యీ రెండు!

తెల్లవారుజామున నాలుగు గంటలు. చిల్లకూరు అడ్డరోడ్డు దగ్గర టీ కొట్టు అప్పటికే మేల్కొని ఉంటుంది. స్టవ్వు మీద పాలు పొంగుతుంటాయి. రోడ్డు పక్కన ఆగిన లారీల్లోంచి డ్రైవర్లు ఒళ్లు విరుచుకుంటూ దిగుతారు. గూడూరు నిమ్మకాయలు ఎక్కించుకున్న బండి ఒకటి, తీరం నుంచి తెల్లటి సిలికా ఇసుక తెచ్చిన టిప్పరు ఒకటి, చెన్నై దాకా వెళ్లాల్సిన కంటైనరు ఇంకొకటి. ఎవరి తొందర వాళ్లది. అయినా గ్లాసులో టీ అయ్యేదాకా అందరూ కాసేపు ఆగుతారు.

వాళ్లు ఆగినా రోడ్డు మాత్రం ఆగదు. కోల్‌కతా నుంచి చెన్నై దాకా సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఇది. 2010లో నంబర్లు మార్చారు గానీ ఈ వైపు పాతవాళ్లకు ఇప్పటికీ ఇది ‘ఎన్‌హెచ్‌ ఫైవే’. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు చిల్లకూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా అప్పుడు కూడా ‘మాది నెల్లూరే’ అనే అలవాటు జనం నోటి నుంచి పోలేదు. అలాగే ఇదీను!

టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఓ పది నిమిషాలు రోడ్డు వంక చూడండి. ఒక విషయం ఇట్టే తెలిసిపోతుంది. లారీ వెనక కారు, కారు వెనక బస్సు, బస్సు వెనక మరో కారు... ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పోతుంటాయి. మధ్యలో సందు పది మీటర్లు ఉంటే ఎక్కువ. లారీల వెనక ‘దూరం పాటించండి’ అని పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది. చిత్రమేమిటంటే, ఆ అక్షరాలు చదవగలిగేంత దగ్గరికి వచ్చి మరీ దాన్ని పట్టించుకోరు!

రెప్పపాటులో ఎంత దూరం?

గంటకు వంద కిలోమీటర్ల వేగమంటే వినడానికి మామూలుగానే ఉంటుంది. దాన్నే సెకన్లలోకి మార్చి చూడండి. ప్రతి సెకనుకూ దాదాపు 28 మీటర్లు. ముందు బండికీ మన బండికీ మధ్య పది మీటర్లే ఉన్నాయనుకుందాం. ఆ ఖాళీ దాటడానికి పట్టేది సెకనులో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ. అంటే ఒక్క రెప్పపాటు.

ముందు బండి వెనక ఎర్రలైటు వెలిగింది. దాన్ని కన్ను చూడాలి. ‘బ్రేకు వేశాడు’ అని మెదడు గ్రహించాలి. కాలు యాక్సిలరేటరు మీద నుంచి లేచి బ్రేకు మీదికి వెళ్లాలి. మామూలుగా దీనికి సెకనో సెకనున్నరో పడుతుంది. వంద వేగంలో సెకనున్నర అంటే 40 మీటర్లకు పైనే. అంటే బ్రేకు మీద కాలు పడేసరికే బండి అంత దూరం దూసుకుపోయి ఉంటుంది. అది ఆగడం మొదలయ్యేది ఆ తర్వాతే.

రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ అయితే, డ్రైవరు తేరుకోవడానికి రెండున్నర సెకన్లు పడుతుందని లెక్క వేసుకుంటుంది. దాని ప్రకారం 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నిలవడానికి 120 మీటర్లు, వంద వేగంలో 180 మీటర్లు ఎదర కనబడేలా రోడ్డు ఉండాలి. ఇంజనీర్లు రోడ్డు మీద అంత జాగా ఇచ్చారు. దాన్ని పది మీటర్లకు కుదించేది మనమే.

ముందు బండి కూడా ఒక్కసారిగా రాయిలా ఆగిపోదు కదా, దానికీ కొంత దూరం పడుతుంది కదా అంటారు కొందరు. నిజమే. అందుకే 180 మీటర్లూ వదలమని ఎవరూ అనరు. కానీ ఆ ముందు బండి వెళ్లి ఆగి ఉన్న లారీకి గుద్దుకుంటే? అప్పుడది నిజంగానే రాయిలా ఆగుతుంది!

చిల్లకూరుకే ఎందుకింత గుబులు?

ఈ దారి మీద ఒక్కో బండిది ఒక్కో నడక. తీరం వైపు చిల్లకూరు, కోట మండలాల్లో గాజు తయారీకి పనికొచ్చే సిలికా ఇసుక నిక్షేపాలున్నాయి. ఆ బరువుతో వచ్చే టిప్పర్లు నెమ్మదిగా రోడ్డెక్కుతాయి. చెరువుల నుంచి రొయ్యలు తీసుకెళ్లే వ్యాన్లు మంచు కరగకముందే చేరాలని పరుగు తీస్తాయి. నాయుడుపేట దగ్గర తిరుపతికి మళ్లే యాత్రికుల కార్లు, సంక్రాంతికి చెన్నై నుంచి సొంతూళ్లకు వచ్చే కుటుంబాలు, జనవరిలో సూళ్లూరుపేట వైపు పక్షులను చూడటానికి వెళ్లేవాళ్లు, రొట్టెల పండగకు నెల్లూరు బారాషహీద్‌ దర్గాకు వచ్చేవాళ్లు... అందరికీ దారి ఇదే. నలభై వేగంతో పోయే టిప్పరూ వంద వేగంతో వచ్చే కారూ ఒకే వరుసలో కలిస్తే, వాటి మధ్య దూరం కరిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

బూదనం టోల్‌ప్లాజా ఉన్నదీ ఈ దారిలోనే. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్‌ తప్పనిసరి అయ్యాక టోల్‌గేట్ల దగ్గర వరుసలు తగ్గాయి. కానీ ఎక్కడైనా టోల్‌గేటు అంటేనే పరుగు మీదున్న బండి ఉన్నట్టుండి నెమ్మదించే చోటు. వరుసలో చివరి బండిని వెనకవాడు గమనించకపోతే అంతే. ఇదే రహదారి మీద కావలి దగ్గర ముసునూరు టోల్‌ప్లాజా సమీపంలో 2024 ఫిబ్రవరిలో ఏం జరిగింది? ఒక లారీని మరో లారీ వెనక నుంచి ఢీకొట్టింది. అక్కడితో ఆగకుండా అవతలి వైపు నుంచి వస్తున్న ప్రైవేటు బస్సు మీదికి పోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండు లారీల మధ్య కరువైన దూరానికి సంబంధం లేని బస్సులో ఉన్నవాళ్లు కూడా మూల్యం చెల్లించారు.

దేశం మొత్తం మీద చూసినా కథ ఇదే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల తీరును బట్టి చూస్తే అన్నిటికంటే ఎక్కువగా జరిగినవి వెనక నుంచి ఢీకొట్టినవే. సుమారు ఐదింట ఒకటి!

ముందు ముందు ఈ దారిలో రద్దీ ఇంకా పెరుగుతుంది. చిల్లకూరు అడ్డరోడ్డు నుంచి తూర్పు కనుపూరు మీదుగా కృష్ణపట్నం ఓడరేవు దక్షిణ ద్వారం వైపు సుమారు 36 కిలోమీటర్ల రహదారికి 2023 జులైలో శంకుస్థాపన జరిగింది. చిల్లకూరు, కోట మండలాల్లో తలపెట్టిన ‘క్రిస్‌ సిటీ’ పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న విశాఖపట్నం నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. పరిశ్రమలొస్తే ఉద్యోగాలొస్తాయి, సంతోషమే. వాటితోపాటు లారీలూ వస్తాయి.

కోర్టు ఏమంది?

‘ముందువాడు సడన్‌ బ్రేకు వేశాడండీ, నా తప్పేముంది?’ ప్రమాదం జరిగాక వెనకవాడు అనే మొదటి మాట ఇదే. చట్టం మాత్రం దీన్ని ఒప్పుకోదు. ముందు బండి హఠాత్తుగా నెమ్మదించినా, ఆగినా గుద్దుకోకుండా ఉండేంత దూరం వెనక బండి పాటించాలని 1989 నాటి రోడ్డు నిబంధనల్లో 23వ నిబంధన చెప్పింది. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినా మూలసూత్రం అదే.

2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ట్రక్కు వెనక కేవలం 10-15 అడుగుల దూరంలో వెళ్తున్న ఓ మారుతి కారు, ట్రక్కు బ్రేకు వేయగానే దాన్ని గుద్దుకుంది. అది ఏమాత్రం సురక్షితమైన దూరం కాదనీ, తప్పు కారు డ్రైవరుదేననీ కోర్టు తేల్చింది. పదిహేను అడుగులంటే నాలుగున్నర మీటర్లు. ఎనభై వేగంలో అది సెకనులో అయిదోవంతు!

అలాగని ముందువాడు ఇష్టారాజ్యంగా ఆపొచ్చా? అదీ కుదరదు. 2017లో కోయంబత్తూరులో ఓ ఇంజనీరింగ్‌ విద్యార్థి బైకు, అకస్మాత్తుగా ఆగిన కారును వెనక నుంచి గుద్దుకుంది. కిందపడ్డ ఆ కుర్రాడి మీదుగా వెనకే వస్తున్న బస్సు వెళ్లింది. అతను కాలు పోగొట్టుకున్నాడు. 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, హెచ్చరిక లేకుండా హైవే మీద కారు ఆపినందుకు కారు డ్రైవరుకు 50 శాతం, బస్సు డ్రైవరుకు 30 శాతం బాధ్యత ఉందని తేల్చింది. మిగిలిన 20 శాతం ఆ విద్యార్థిదే. కారణాల్లో ఒకటి, ముందు కారుకు తగినంత దూరం పాటించకపోవడం. ముందున్నవాడి తప్పు ఎంత పెద్దదైనా, వెనకున్నవాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క కవచం ఆ దూరమేనన్నమాట.

రెండంకెల మంత్రం

మరి ఎంత దూరం వదలాలి? మీటర్లలో కొలుస్తూ కూర్చోవడం నడిపేవాడి వల్ల కాదు. అందుకే చాలాచోట్ల చెప్పే సులువు ‘రెండు సెకన్లు’. ముందు బండి ఏదో ఒక కిలోమీటరు రాయినో, కరెంటు స్తంభాన్నో దాటగానే మనసులో ‘వెయ్యీ ఒకటి... వెయ్యీ రెండు’ అని లెక్కపెట్టాలి. ఆ మాటలు పూర్తయ్యాకే మన బండి ఆ గుర్తును దాటాలి. ముందే దాటిందంటే మరీ దగ్గరగా ఉన్నామని అర్థం. ఈ లెక్క ఏ వేగానికైనా సరిపోతుంది. ఎనభైలో పోతుంటే అది దాదాపు 45 మీటర్లు అవుతుంది. వందలో అయితే 55 మీటర్లు.

ఫ్రాన్స్‌లో ఈ రెండు సెకన్లు చట్టంలోనే ఉన్నాయి. అక్కడి హైవేల అంచున పొడుగాటి తెల్లగీతలు వేసి, ముందు బండికీ మీకూ మధ్య రెండు గీతలు కనబడాలని చెబుతారు. జర్మనీలో ‘స్పీడోమీటరులో సగం’ అంటారు. వంద వేగంలో ఉంటే యాభై మీటర్లు వదలాలన్నమాట. వాన పడితే ఆ రెండు సెకన్లను నాలుగు చేయమంటుంది బ్రిటన్‌ హైవే కోడ్‌. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిసే నెల్లూరు సీమకు ఇది బాగా పనికొచ్చే మాట. మంచు కమ్మిన వేకువలోనూ, వెనక లోడు ఉన్న బండికీ అంతే.

ఇక ట్రాఫిక్‌లో ఆగినప్పుడు? ముందు బండి వెనక టైర్లు నేలకు ఆనిన చోటు మన సీట్లోంచి కనబడాలి. కనబడకపోతే మరీ అంటుకుని ఆగినట్టు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మధ్యలో నలిగేది మనమే.

‘సందిస్తే దూరేస్తారుగా!’

ఇదంతా విన్నవాళ్లు చివరికి అడిగే ప్రశ్న ఒకటుంటుంది. ‘అంత ఖాళీ వదిలితే ఇంకొకడు మధ్యలో దూరడా?’ దూరతాడు. మన రోడ్ల మీద తప్పకుండా దూరతాడు. మళ్లీ కాస్త నెమ్మదించి రెండు సెకన్లు వదలాల్సిందే. ఆ కోపంలోనే చాలామంది ముందు బండికి అంటుకుపోతారు. పౌరుషం కాదు, లెక్క చూడండి.

చిల్లకూరు నుంచి నెల్లూరు సుమారు నలభై కిలోమీటర్లు. ఎనభై వేగంతో అరగంట ప్రయాణం. ఈలోపు ఏకంగా ముప్పైమంది మీ ముందు దూరారనుకోండి. ప్రతిసారీ మీరు వెనక్కి తగ్గి రెండు సెకన్లు వదిలారనుకోండి. మొత్తం ఎంత ఆలస్యం? అరవై సెకన్లు. ఒక్క నిమిషం! టీ కొట్టు దగ్గర గ్లాసు చల్లారేదాకా ఊదుకుంటూ కూర్చునే సమయం కూడా కాదది.

ఆ ఒక్క నిమిషాన్ని మిగుల్చుకోవడానికి దారి పొడుగునా పందెం కాసేది దేన్నో తెలుసా? వెనక సీట్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్న పిల్లాణ్ని.

తెల్లారింది. టీ కొట్టు ముందు ఆగిన లారీలు ఒక్కొక్కటీ కదులుతున్నాయి. నిమ్మకాయల బండి ముందు, సిలికా టిప్పరు వెనక. రెంటి మధ్యా ఈసారి ఓ పొడుగాటి ఖాళీ ఉంది. అటు తీరం వైపు నుంచి వస్తున్న ఎండ ఆ ఖాళీలో తారురోడ్డు మీద మెరుస్తోంది. చూసేవాళ్లకు అది ఉత్త రోడ్డు. లోపల స్టీరింగు పట్టుకున్నవాడికి మాత్రం సాయంత్రానికి ఇంటికి చేర్చే దారి.